ఇల్లు కనబడ్డాక కూర్చున్న పెట్ట

"నీ కాడున్నవాటిల్లో పనికిమాలింది ఏదో, ముందల దాన్ని తీసి సూపించు."

ఎవరి పావురాల గూటికి వెళ్లినా ఆయన నోట మొదట వచ్చే మాట ఇదే. పందెం పావురాలు పెంచేవాడికి ఇంతకన్నా చేదుమాట ఉండదు. వాడు పొద్దుటినుంచీ తన మేటి పోతుకి రెక్కలు దువ్వి, కాళ్లు కడిగి, చూపించడానికి సిద్ధంగా పెట్టుకుంటాడు. ఈయన దానివైపు చూడనైనా చూడడు. మూలనున్న ముసలి పెట్టనో, రెక్క వాలిన పిల్లనో తీయించి, దాని ముక్కు చూసి, కాళ్ల మధ్య చూసి, తోక కింద ఈకలు ఊది చూస్తాడు. అది శుభ్రంగా ఉంటే "బాగుంది, మిగతావాటిని సూడక్కర్నేదు" అంటాడు. లేకపోతే ఏమీ అనడు. పక్షిని తిరిగి గూట్లో పెట్టి తలుపు మెల్లగా వేస్తాడు. ఆయన ఏమీ అనకుండా తలుపు వేసిన గూడు మరుసటి ఏడు అద్దంలా ఉండేది.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయన పలికేవాడు కూడా కాదు. నాకు మావ. బర్మా వాళ్లందరికీ ఊజీ, అంటే పెద్దాయన. మొన్న వానాకాలంలో జ్వరం వచ్చి వారం రోజుల్లో పోయాడు. చలికాలం చివర్లో మాండలే పందెం వచ్చింది. పందేనికి పక్షుల్ని పంపే రోజు ఆయన లేకుండా నేనొక్కణ్ణే గూళ్లు చూడడానికి బయల్దేరాను. ఈ నాలుగు ముక్కలూ అందుకే రాస్తున్నాను.

యాంగోన్‌లో పావురాల పందేలు ఆడేవాళ్లం మరీ ఎక్కువమంది లేం. బర్మావాళ్లు, చీనావాళ్లు, అహ్లోన్ పేటలో మా తెలుగువాళ్లు కొందరు. చలికాలంలో దగ్గర ఊళ్లతో మొదలుపెట్టి, చివరికి మాండలే దాకా పోతాం. సాయంత్రం పక్షుల్ని బుట్టల్లో పెట్టి లారీ ఎక్కిస్తాం. అవి మాండలే చేరి ఒకరోజు తేరుకున్నాక, మర్నాడు తెల్లారగానే బుట్టలు తెరుస్తారు. రోజంతా ఎగిరి మధ్యాహ్నం దాటాక ఎవరింటికి వాళ్ల పక్షి రావాలి. రాగానే దాని కాలికి వేసిన రబ్బరు ఉంగరం తీసి, సీలు వేసిన గడియారంలో వేస్తాం. అందులో పడిన టైమే లెక్క.

లారీ ఎక్కించే రోజు పొద్దున మాలో ఒక ఆచారం ఉంది. పందెంలో ఉన్నవాళ్లు ఒకరి గూటికి ఒకరు వెళ్తారు. ఉత్త చేతులతో వెళ్లరు. తన ఇంట్లో గింజలు ఒక గుప్పెడు జేబులో పోసుకుని వెళ్లి, అవతలివాడి పక్షులకి తన చేత్తోనే పెడతారు. పూర్వం ఎవరో ఎవరి పక్షులకో మందు పెట్టారట. గొడవలై, తలలు పగిలి, పందేలే ఆగిపోయాయట. అప్పుడు పెద్దలు కూర్చుని ఈ కట్టుబాటు పెట్టారని చెబుతారు. పందేనికి పంపే పూట శత్రువు చేతిలో గింజ నీ పక్షి తినాలి. నువ్వు చూస్తూ నిలబడాలి. వద్దంటే వాడిని దొంగ అన్నట్టే. వద్దన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మావ ఈ గుప్పెడు కోసం ముందురోజే కూర్చుని గింజలు ఏరేవాడు. మొక్కజొన్న, బఠాణీ, పెసలు. చిల్లి ఉన్నది ఒకటి కనిపించినా పక్కన పెట్టేసేవాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అహ్లోన్ రేవులో బస్తాలు మోశాడు. ఈయన ఆ ఒడ్డునే బియ్యం మిల్లులో గింజ చూసే పని చేశాడు. గింజని పంటికింద పెట్టి కొరికితే చాలు, ఎంత తడి ఉందో, ఎన్నాళ్ల సరుకో చెప్పేసేవాడు. అంత ఏరి పోగేసినవి పరాయివాళ్ల పక్షులకి పెట్టి, తన వాటికి మామూలు బస్తాలోవే పోసేవాడు.

"ఇదేటి మావా, మంచివన్నీ ఆళ్లకా?" అన్నాను ఒకసారి.

"మరి? ఆటి కడుపు నొచ్చి నా పచ్చి గెలిస్తే, అదేటి గెలుపురా?"

లైంగ్‌థార్యార్ అనే శివారు ఊరికి వెళ్లే బస్సులో బట్టల ఫాక్టరీ ఆడపిల్లలు కిక్కిరిసి ఉండేవారు. వాళ్ల మధ్య ఈయన మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా, ఉబ్బిన జేబు, ఆ జేబు మీద ఒక చెయ్యి. ఒక పిల్ల బర్మా భాషలో అడిగింది, "ఊజీ, ఏం దాచావు, బంగారమా?" ఆయన జేబు తెరిచి చూపించాడు. "మొక్కజొన్నలు! వేయించినవా?" అని ఒకటి తీసి నోట్లో వేసుకుని, పళ్లు జివ్వుమనగానే ఉమ్మేసింది. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నా చెవిలో తెలుగులో అన్నాడు, "పచ్చికున్న తెలివి నేదు దీనికి."

ఆ ఊళ్లో కో మిన్ అని, కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్. రేకుల కప్పు మీద కర్రలతో గూళ్లు కట్టాడు. మేం మొదటిసారి వెళ్లినప్పుడు, పనికిమాలిన దాన్ని చూపించమంటే, "నా దగ్గర అలాంటిది లేదు ఊజీ" అన్నాడు ఛాతీ విరిచి. మావ చుట్టూ చూసి, మూల బోర్లించి ఉన్న వెదురుబుట్ట దగ్గర వంగి, "మరి దీని కింద ఊపిరి పీల్చేది ఎవరు? నీ పెళ్లామా?" అన్నాడు. బుట్ట ఎత్తితే గొంతులో పుండు పడిన పిల్ల. కో మిన్ మొహం కందిపోయింది. మావ అక్కడే చతికిలబడి, పుల్లకి గుడ్డ చుట్టి ఉప్పునీళ్లతో దాని గొంతు తుడిచి, ఎలా తుడవాలో వాడిచేత చేయించి చూపించాడు. ఆ మధ్యాహ్నమంతా అక్కడే పోయింది. తన గెలుపు పోతుని చూడమని కో మిన్ అడగలేదు, చూపించమని ఈయనా అడగలేదు.

గూట్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడిచేవాడు. కింద నిండా రెట్టలే. "మావా, కాళ్లు!" అంటే, "ఆటింట్లోకి మనం ఎల్తన్నాం కదేటి?" అనేవాడు. పక్షిని పట్టుకునే తీరు కూడా వేరు. కింద నుంచి అరచెయ్యి పెట్టి, కాళ్లు రెండు వేళ్ల మధ్య ఇరికించి, దాని రొమ్ము తన ఎడమ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. గుండె ఎలా కొట్టుకుంటోందో వినేవాడు. భయపడిన గుండె, అలసిన గుండె, జబ్బు గుండె, గుడ్డు పెట్టబోయే పెట్ట గుండె, అన్నీ ఆయనకి వేరువేరుగా వినబడేవి. నేనూ ఎన్నోసార్లు ప్రయత్నించాను. నాకు డబడబమనే ఒకటే చప్పుడు వినబడేది.

తన పక్షి గెలుస్తుందని ఆయన ఎన్నడూ అనలేదు. "ఇంటికొస్తాది" అనేవాడు. దారి తప్పి మూడోనాడు వచ్చిన పక్షికైనా చెయ్యి కడుక్కుని గింజలు పెట్టేవాడు. డేగ తన్నిన దాన్ని ఒళ్లో పెట్టుకుని కుట్లు వేసేవాడు. ఒక్క తప్పు మాత్రం క్షమించేవాడు కాదు. "దారి తెలీక ఆగింది ఏరు. ఇల్లు కనపడ్డాక కూకుంది ఏరు. కూకున్నదాన్ని మళ్లా పందేనికి ఎట్టకూడదు, దాని పిల్లల్నీ ఎట్టకూడదు." ఇది ఆయన చట్టం. తనకీ, అందరికీ.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

నేను ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. అహ్లోన్‌లో ఆయన మేడకి మూడు మేడల అవతల మాది. పావురాలు పెంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా మొదటి జత ఆయనిచ్చిందే. ఎన్ని పందేలు ఆడినా మాండలే నుంచి మాత్రం ఎప్పుడూ ఆయన తర్వాతే. ఆయన దగ్గర బూడిదరంగు పెట్ట ఒకటి ఉండేది, రెక్క మీద రెండు నల్లచారలు. చిన్న తల, పెద్ద కళ్లు. వరసగా రెండేళ్లు మాండలే నుంచి అందరికన్నా ముందు అదే వచ్చింది. మా ఇద్దరి ఇళ్లకీ దూరంలో తేడా లేదు కాబట్టి, మా మధ్య లెక్కంతా నిమిషాలదే.

నాలుగేళ్ల కిందట మాండలే పందెం రోజు. పక్షులు వచ్చే వేళకి చుట్టుపక్కల ఎవరూ తమ పావురాల్ని బయటికి వదలకూడదు. పందెం ఆడనివాళ్లు కూడా గూళ్లు మూసుకుంటారు. ఎందుకంటే అంతదూరం ఎగిరి అలసిన పక్షి, కింద సాటి పక్షులు కనబడితే తన ఇల్లు మరిచి అక్కడే దిగిపోతుంది. ఈ సంగతి పందెం ఆడే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. నా పోతుకి ఇంటికొచ్చాక కూడా దిగకుండా పైన చుట్లు కొట్టే అలవాటు. గెలుపు అక్కడే పోయేది. ఈసారి రాగానే దింపాలని, నా తెల్లజతని మేడ మీద వదిలాను. తప్పని తెలిసే వదిలాను.

ముందు వచ్చింది నాది కాదు. ఉత్తరంనుంచి ఒక చుక్క పెద్దదై, రెక్కలు ముడిచి సూటిగా దిగి, నా తెల్లజత పక్కన నీళ్లట్యాంకు మీద వాలింది. బూడిదరంగు. రెండు నల్లచారలు. దాని నోరు తెరిచి ఉంది. ఒళ్లంతా రొప్పుతోంది.

చెయ్యి చాచి పట్టుకున్నాను. దాన్ని పట్టుకుని గాల్లోకి విసిరేస్తే చాలు, నిమిషంలో దాని ఇంటికి చేరేది. నేను విసరలేదు. మెట్లగది నీడలోకి తీసుకెళ్లి, చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాను. తలుపు సందులోంచి ఆయన మేడ కనబడుతోంది. ఆయన గింజల డబ్బా పట్టుకుని, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. చూపు అప్పటికే తగ్గింది. దూరం ఆనదు. అయినా డబ్బా ఆడించి, "రా, రా, రామ్మా" అని పిలుస్తున్నాడు. నా రొమ్ము మీద దాని గుండె మొదట దడదడమని, తర్వాత మెల్లమెల్లగా నెమ్మదించింది. నాది నెమ్మదించలేదు.

నా పోతు వచ్చింది. తెల్లజతని చూసి వెంటనే దిగింది. ఉంగరం తీసి గడియారంలో వేశాను. అప్పుడు పెట్టని వదిలాను.

సాయంత్రం గడియారాలు తెరిచారు. నేను మొదట, ఆయన రెండు. అందరూ నా వీపు తట్టారు. ఆయనా తట్టాడు. "మంచి పోతురా. దాని కళ్లలోనే ఉంది" అన్నాడు. మర్నాడు పొద్దున మా మేడెక్కి వచ్చాడు. జేబులోంచి గింజలు తీసి నా పోతుకి పెట్టాడు. అది తింటుంటే చూస్తూ, నావైపు తిరక్కుండా అన్నాడు.

"అల్లుడూ, నా పెట్ట నిన్న ఎక్కడో కూకుందిరా."

"ఏటి మావా?"

"చెవి కాడ ఎట్టుకుని ఇన్నాను. పొద్దుగాల్నుంచీ ఎగిరొచ్చిన గుండె అలగ కొట్టుకోదు. నోరు మూసుంది. రెక్కకింద ఏడి నేదు. నీడపట్టున కూకుని, ఊపిరి తీసుకుని వొచ్చింది." పోతుకి ఇంకో గింజ వేసి, "నీకేటైనా కనబడిందా, ఇటేపు?" అన్నాడు.

ఇంతకన్నా మంచి తలుపు నాకు ఎవరూ తెరవలేదు. ఒక్కమాట అంటే అయిపోయేది. నేను అన్నది ఇది: "రేవుకాడ పెద్ద చెట్లున్నాయి కదా మావా. ఏ కొమ్మమీదో కూకుని ఉంటాది."

పెట్టని పట్టుకోవడం ఆశ. ఈ మాట మాత్రం ఆశ కాదు. గెలిచాక, కడుపునిండా అన్నం తిని, నిద్రపోయి లేచి, తెలివిగా అన్నమాట. నేను చేసినవాటిల్లో ఇదే పెద్దది.

తర్వాతి ఆదివారం ఆయన పెట్టని బుట్టలో పెట్టుకుని నది అవతల తన్లిన్ బయల్దేరాడు. నన్ను తోడు రమ్మన్నాడు. తన్లిన్‌లో రిఫైనరీలో పనిచేసి మానేసిన ఊ తేన్ ఉన్నాడు. ఆయన పందేలు తగ్గించి, పెట్టల్ని పిల్లల కోసమే పెంచుతాడు. బస్సు వంతెన ఎక్కగానే జనం ఎక్కువై, మావ బుట్టని నా ఒళ్లో పెట్టాడు. వంతెన పొడుగునా అది నా ఒళ్లోనే ఉంది.

ఊ తేన్ చేతిలో బుట్ట పెట్టి, ఆయన బర్మా భాషలో అన్నాడు, "ఇది మంచి తల్లి. పరాయి గుడ్లయినా పొదుగుతుంది. దీని పిల్లల్ని మాత్రం పందేనికి పెట్టకు. ఇల్లు చూసి కూర్చుంది." ఊ తేన్ ఆశ్చర్యంగా నావైపు చూశాడు. నేను తల ఊపాను. మరో పెట్ట మీద ఆయన అంత మనసు పెట్టడం మళ్లీ నేను చూడలేదు. మాండలే పందేనికి తర్వాత కూడా పక్షుల్ని పంపాడు కానీ, ఏదీ అలా రాలేదు.

ఆ తర్వాత మూడేళ్లు ఇద్దరం కలిసే గూళ్లు తిరిగాం. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడిగేవారు, "ఊజీ, నీ చారల పెట్ట ఏది?" ఆయన దాచుకునే మనిషి కాదు. "కూర్చుంది, ఇచ్చేశాను" అని చెప్పి, తన పెంపకంలో ఏం తప్పు జరిగిందో వివరించేవాడు. ఆ ఏడు మేత ఎక్కువ పెట్టానేమో, గుడ్ల మీదనుంచి తొందరగా లేపానేమో అని. కో మిన్ గూళ్ల దగ్గర నిలబడి ఆయన ఈ మాట చెబుతుంటే, నేను పక్కన నిలబడి టీ తాగాను.

ఆయనకి తెలుసా అని అడిగితే, నాకు తెలియదు. తెలిసే ఊరుకున్నాడని రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అందుకే రాయను. జ్వరంలో ఉండగా రోజూ వెళ్లాను. ఫ్యాను బాగుచేసి పెట్టాను. బత్తాయిలు తీసుకెళ్లాను. అది తప్ప అన్నీ మాట్లాడాను.

మొన్న, లారీ ఎక్కించే రోజు పొద్దున, గుప్పెడు గింజలు జేబులో పోసుకుని, ముందు లైంగ్‌థార్యార్ వెళ్లాను. కో మిన్ గూడు తలుపు తీశాడు. గింజలు చేతిలోకి తీసుకోకముందే జరిగిందంతా చెప్పేశాను. వాడు మొదట నవ్వాడు. తమాషా అనుకున్నాడు. తర్వాత నవ్వు ఆగింది.

"ఊజీ ఇక్కడే నిలబడి ఆ పెట్ట కూర్చుందని చెప్పాడు" అన్నాడు. "నువ్వు అక్కడ, ఆ గోనెసంచి మీద కూర్చున్నావు."

"నిలబడ్డాను."

"టీ తాగుతూ."

"తాగుతూ."

గూటి తలుపు ఇంకాస్త తెరిచాడు. తర్వాత, "పెట్టు" అన్నాడు. నా చేతిలో గింజలు వాడి పక్షులు తిన్నాయి. తింటున్నంతసేపూ వాడు నా చేతినే చూశాడు తప్ప పక్షుల్ని చూడలేదు.

తన్లిన్‌లో ఊ తేన్ వాకిట్లో ఉన్నాడు. నేను చెప్పడం అయ్యాక లోపలికి వెళ్లి, ఆ పెట్టని తీసుకొచ్చాడు. కాస్త లావెక్కింది. చారలు అలాగే ఉన్నాయి. "దీని పిల్లలు ఎన్నో పోయాయి, ఎన్నో ఉన్నాయి" అన్నాడు. "ఒక్కదాన్ని కూడా ఎగరెయ్యలేదు. ఊజీ వద్దన్నాడని." కండువాతో పెట్ట కాళ్లు తుడిచి బుట్టలో పెట్టాడు. "ఇంక ఇది నాది కాదు. నువ్వే తీసుకెళ్లి అప్పజెప్పు. ఉన్న పిల్లలకి ఈ వారంనుంచే తర్ఫీదు మొదలెడతాను." నా గుప్పెడు పెట్టనిచ్చాడు. వెళ్లేటప్పుడు గుమ్మందాకా మాత్రం రాలేదు. ఏటా వచ్చేవాడు.

చివరికి అహ్లోన్. మావ గూళ్లు ఇప్పుడు ఆయన కూతురు పైడమ్మ చూస్తోంది. ఊళ్లో మందులషాపులో పని. మాండలేకి పక్షుల్ని పంపడం ఆమెకి ఇదే మొదలు. మేడ ఎక్కేసరికి పంపబోయే రెండింటి రెక్కలూ విప్పి చూస్తోంది.

"రా బావా. ఆ బుట్టేటి?"

మూత తీశాను. ఆమె పెట్టని చూసింది, నన్ను చూసింది. "ఇదెక్కడిది? నాన్న ఇచ్చేసినాడు కదా?"

చెప్పాను. తెల్లజత సంగతి, నీళ్లట్యాంకు, చొక్కా, మెట్లగది. మర్నాడు ఆయన అడిగిన మాట, నేనన్న మాట. ఆమె చేతిలో పక్షి రెక్క విప్పినది విప్పినట్టే ఉంది.

"ఎంతసేపు పట్టుకున్నావు?"

"కొంతసేపు."

"కొంతసేపంటే ఏటి? మందులషాపులో కొంత మందియ్యమంటే ఇత్తానా? ఎన్ని నిమిషాలు?"

"పదకొండు."

"నాన్నదానికీ నీదానికీ తేడా ఎంతొచ్చింది, గడియారాల్లో?"

"రెండు."

ఆమె లెక్క కట్టలేదు. కట్టక్కర్లేదు. పక్షిని గూట్లో పెట్టి, చారల పెట్టని బుట్టలోంచి తీసి, ఖాళీ అరలో వదిలి, నీళ్లు పెట్టింది. నేను జేబులో చెయ్యి పెట్టి గింజలు తీశాను. ఆచారం కదా.

"ఒద్దు బావా."

చెయ్యి అలాగే చాపి ఉంచాను.

"ఒద్దన్నాను కదా. వొచ్చే ఏడు తీసుకురా, అప్పుడు సూద్దాం. ఈ ఏడు నీ సేతిగింజ నా పచ్చి తినదు." గొంతు పెంచలేదు. మందు పేరు చెప్పినట్టు చెప్పింది. "మూడేళ్లు, బావా. అది సెడ్డదని ఊరంతా తిరిగి నాన్న సేత సెప్పించినావు. పందెం పోతే పోయింది. నాన్న తన పెంపకం తప్పనుకుని ఎల్లిపోయినాడు."

"అవును."

"ఇప్పుడు నాకొక్కదానికీ సెప్తే ఏటి లాభం? సాయంత్రం లారీ కాడ అందరూ ఉంటారు. ఆడ సెప్పు. కొంతసేపనకు. పదకొండని సెప్పు. ఇంకోటి, పందెం నాడు నీ మేడ మీద ఒక్క పచ్చీ ఎగరకూడదు, నీ గూళ్ల తాళంచెవి నాకియ్యి. పందెం అయినాక ఇత్తాను."

తాళంచెవి ఇచ్చాను. నా పక్షులకి మేతా నీళ్లూ ఆమే వచ్చి పెడుతుంది.

సాయంత్రం లారీ దగ్గర నా బుట్టలు ఏవని మా పందేల సంఘం సెక్రటరీ అడిగాడు. ఈసారి పంపడంలేదని చెప్పి, లారీ వెనక తలుపు పక్కన నిలబడి, బర్మా భాషలో అందరికీ వినబడేలా చెప్పాను. ఆ ఏడు మాండలే నుంచి మొదట వచ్చింది నా పోతు కాదని, ఊజీ చారల పెట్ట అని. అది ఎక్కడా కూర్చోలేదని. నేను పట్టుకున్నానని. పదకొండు నిమిషాలు. ఊజీ పెంపకంలో ఏ తప్పూ లేదని, ఆ పెట్ట ఇప్పుడు అహ్లోన్‌లో తన ఇంట్లో ఉందని. ఒక ముసలాయన ఉమ్మేసి పక్కకి తిరిగాడు. సెక్రటరీ ఆ ఏడు నేను గెలుచుకున్న కప్పు రేపు తెచ్చి ఊజీ ఇంట్లో ఇవ్వమన్నాడు. సరేనన్నాను. పైడమ్మ తన బుట్టని లారీలోకి అందిస్తూ, మధ్యలో ఆగి విని, మళ్లీ అందించింది.

లారీ కదిలింది. నేను ఇంటికి నడిచాను. జేబులో గింజలు నడిచినప్పుడల్లా తొడకి తగులుతున్నాయి. మా వాళ్లలో గుప్పెడు వెనక్కి తెచ్చుకున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఇప్పుడు ఒకడున్నాడు.